సి డ్రైవ్‌లోని సొంత ఫోల్డర్లను డి డ్రైవ్‌కు మార్చుకునే విధానం

విండోస్ నడిచే కొన్ని కంప్యూటర్లలో సి డ్రైవ్ 128 లేదా 256 జీబీల చిన్న ఎస్‌ఎస్‌డీ అయి ఉండగా, దాని పక్కనే డి డ్రైవ్‌గా ఉన్న 1 టీబీ హార్డ్ డిస్క్ దాదాపు ఖాళీగా ఉంటుంది. డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, డౌన్‌లోడ్స్ వంటి ఫోల్డర్లన్నీ సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లోనే ఉంటాయి కాబట్టి, పెళ్లి వీడియోలూ ఫోన్ నుంచి దించుకున్న ఫొటోలూ చేరేకొద్దీ ఆ డ్రైవ్ నిండిపోయి, చివరికి విండోస్ అప్‌డేట్లకు కూడా చోటు మిగలదు. ఫైళ్లను కట్ చేసి డి డ్రైవ్‌లో పేస్ట్ చేస్తే చోటు దొరుకుతుంది గానీ, ప్రోగ్రాములు ఆ తర్వాత కూడా కొత్త ఫైళ్లను పాత చోటులోనే దాస్తాయి. అందువల్ల ఫోల్డర్ చిరునామానే మార్చాలి.

ముందుగా ముఖ్యమైన ఫైళ్లను వేరే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. తరువాత డి డ్రైవ్‌లో మీ పేరుతో ఒక కొత్త ఫోల్డర్ చేసి, దానిలో డాక్యుమెంట్స్‌కు ఒకటి, పిక్చర్స్‌కు ఒకటి చొప్పున విడివిడి ఫోల్డర్లు చేసుకోండి. ఈ మెట్టును దాటవేయకూడదని గట్టిగా చెబుతున్నాను. నేరుగా డి డ్రైవ్‌నే ఎంచుకుంటే ఆ డ్రైవ్ మొత్తాన్నీ విండోస్ మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌గా పరిగణిస్తుంది. రెండు ఫోల్డర్లకు ఒకే చోటు చూపిస్తే వాటిలోని ఫైళ్లు కలిసిపోతాయి. రెండు సందర్భాల్లోనూ మళ్లీ విడదీయడం చాలా కష్టం.

ఇంట్లో నలుగురూ వాడే కంప్యూటర్ అయితే మరొక జాగ్రత్త అవసరం. యూజర్స్ ఫోల్డర్‌లోని మీ ఫైళ్లను మామూలు అకౌంటుతో లాగిన్ అయిన ఇతరులు తెరవలేరు. డి డ్రైవ్‌లో కొత్తగా చేసిన ఫోల్డర్‌కు సాధారణంగా ఆ రక్షణ ఉండదు. కాబట్టి మీ పేరుతో చేసిన ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ తెరిచి, ముందు మీ అకౌంటుకు ఫుల్ కంట్రోల్ ఇచ్చి, పై డ్రైవ్ నుంచి వచ్చే అనుమతులను ఆపే డిజేబుల్ ఇన్‌హెరిటెన్స్ బటన్ నొక్కి, ఉన్న అనుమతులను అలాగే ఉంచే మొదటి ఎంపికను తీసుకున్న తరువాత, ఆథెంటికేటెడ్ యూజర్స్, యూజర్స్ అనే వరుసలను తొలగించండి.

ఇక అసలు పని. తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ మూసివేసి, డాక్యుమెంట్స్‌పై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని లొకేషన్ ట్యాబ్ తెరవండి. అక్కడ కనిపించే చిరునామాలో వన్‌డ్రైవ్ (ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచే మైక్రోసాఫ్ట్ సేవ) అనే మాట ఉంటే అక్కడితో ఆగండి. ఆ ఫోల్డర్ క్లౌడ్ బ్యాకప్‌లో ఉందని అర్థం కనుక, వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఆ బ్యాకప్‌ను ఆపి, వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఉండిపోయిన ఫైళ్లను డాక్యుమెంట్స్‌లోకి తెచ్చుకున్నాకే ముందుకు వెళ్లాలి. చిరునామాలో ఆ మాట లేకుంటే మూవ్ బటన్ నొక్కి, డి డ్రైవ్‌లో సిద్ధం చేసుకున్న ఫోల్డర్‌ను ఎంచుకుని, అప్లై నొక్కండి. పాత ఫైళ్లను కూడా కొత్త చోటుకు తరలించమంటారా అని విండోస్ అడుగుతుంది, ఎస్ అనండి. ఒక డ్రైవ్ నుంచి మరొక డ్రైవ్‌కు వెళ్లే ప్రతి ఫైలూ కాపీ కావలసిందే కాబట్టి, ఫొటోలు ఎక్కువగా ఉంటే గంటల సమయం పట్టవచ్చు. ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు తగిలించి ఉంచండి. ఒక ఫోల్డర్ పూర్తయ్యాక, కొత్త చోటులో రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసి, ఆ తరువాతే మరొక ఫోల్డర్ మొదలుపెట్టండి.

యాప్‌డేటా ఫోల్డర్‌ను మాత్రం కదిలించవద్దు. ప్రోగ్రాముల సెట్టింగులు అందులో ఉంటాయి; అనేక ప్రోగ్రాములు దానిని సి డ్రైవ్‌లోనే వెతుకుతాయి. యూజర్స్ ఫోల్డర్ మొత్తాన్ని మార్చే చిట్కాలు కూడా ప్రచారంలో ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. అలా మార్చిన కంప్యూటర్లలో విండోస్ అప్‌గ్రేడ్లు విఫలమయ్యే ప్రమాదం ఉంది.

కొత్త చోటుగా యూఎస్‌బీ డ్రైవ్‌ను ఎంచుకోకండి, అది తగిలించి లేనప్పుడు డాక్యుమెంట్స్ తెరుచుకోదు. డి డ్రైవ్ డిస్క్‌ను ఎప్పుడైనా మార్చవలసి వస్తే, దానిని తీయడానికి ముందే, సి డ్రైవ్‌లో తగిన చోటు చూసుకుని, అదే లొకేషన్ ట్యాబ్‌లోని రీస్టోర్ డిఫాల్ట్ బటన్‌తో ఫోల్డర్లను వెనక్కి తెచ్చుకోండి.