టమాటాలో ఎండు తెగులు వస్తే ఏం చూడాలి, తర్వాత ఏ విత్తనం అడగాలి

మధ్యాహ్నం తల వాల్చిన టమాటా మొక్క సాయంత్రానికి కాస్త తేరుకుంటే, దప్పికేమో అనుకుని చాలామంది నీళ్లు పెట్టేస్తారు. ఆగండి, ముందు కింది ఆకులు చూడండి. ఒక పక్క ఆకులే, ఒక్కోసారి ఒకే ఆకులో సగమే పసుపెక్కి ఉంటే ఫ్యుజేరియం అనే బూజు తెచ్చే ఎండు తెగులని అనుమానించాలి. మొక్కను పీకి, కాండాన్ని మొదలు దగ్గర నిలువునా చీల్చండి. నడిమి బెండు తెల్లగానే ఉండి, దాని చుట్టూ డికాషన్ రంగు చారలు పైదాకా పాకి ఉంటే అనుమానం బలపడినట్టే. ఇంకో ముక్క కోసి గ్లాసు నీళ్లలో వేలాడదీయండి, కొద్ది నిమిషాల్లో పాలదారం లాంటిది కిందికి జారితే అది బాక్టీరియా తెగులు, దాని సంగతి వేరు.

ఆ చారలు నీళ్లు మోసే నాళాలు. బూజు వేరు గుండా దూరి వాటిలోనే కాపురం పెడుతుంది, అందుకే ఆకుల మీద ఎంత మందు కొట్టినా డబ్బు దండగే.

మొక్క ఎందుకు ఊరుకుంటుంది? ఊరుకోదు, బూజే దాని నోరు నొక్కేస్తుంది. తెగులు సోకిన టమాటా నాళాల రసంలో బూజు వదిలిన ఒక చిన్న ప్రోటీన్ గురించి ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు 2004లో వివరంగా రాశారు, దాని పేరు సిక్స్1. అలాంటివి ఇప్పటికి 14 దాకా గుర్తించారు. వాటిలో సిక్స్3 మొక్క కణంలోకి దూరి రక్షణను అణచేస్తుంది, సిక్స్5 ఆ సిక్స్3ని పక్క కణంలోకి దాటిస్తుంది.

అయితే ఆ ప్రోటీనే బూజును పట్టించే ఆనవాలు కూడా. ఐ-2 అనే జన్యువున్న రకం సిక్స్3ని గుర్తుపట్టి తిరగబడుతుంది. అప్పుడు బూజు ఏం చేసిందో చూడండి, ఆ ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మార్చుకుంది, ఐ-2 కంటికి ఆనదు, పని మాత్రం మునుపటిలాగే సాగుతుంది. నాకు ఈ కథలో అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. అలా పుట్టిందే రేస్ 3, రేస్ అంటే ఈ బూజులో ఒక తెగ. దానికి సిక్స్1ని పట్టే ఐ-3 జన్యువు కావాలి, అది అడవి టమాటా నుంచి తెచ్చింది.

కాబట్టి విత్తనం కొనేటప్పుడు 'ఎండు తెగులు తట్టుకుంటుంది' అన్న మాటతో సరిపెట్టుకోకండి, ఏ రేస్ అని అడగండి. రేస్ 1, 2 తట్టుకునే రకం వేసినా నాళాలు గోధుమ రంగుకు తిరిగితే రేస్ 3 అయి ఉండొచ్చు, మొక్కను దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి నిర్ధారించుకోండి. ఒక తిరకాసుంది, కొన్ని కంపెనీలు ఇవే రేసులను 0, 1, 2 అని వేస్తాయి, అక్కడి 2 అంటే మన 3. అంకె ఒక్కటే చూసి మోసపోకండి.

పీకిన మొక్క వేళ్ల మీద బుడిపెలున్నాయేమో కూడా చూడండి. నులిపురుగులుంటే తట్టుకునే రకం కూడా లొంగిపోవచ్చు. పుల్ల నేలైతే సున్నం వేసి పీహెచ్‌ను 6.5 నుంచి 7 మధ్యకు తెచ్చుకోండి, అమ్మోనియా నత్రజని తగ్గించి నైట్రేట్ రూపంలో ఇవ్వండి. బూజు విత్తులు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి, ఒక్క పంట మార్చి వదిలేస్తే సరిపోదు. తెగులున్న మడిలో వాడిన పారకు అంటిన మట్టి కడగకుండా పక్క మడిలోకి దిగకండి.