సీలియాక్‌తో ఆన్‌సైట్: స్టుట్‌గార్ట్ వెళ్లేముందు నేను చేసుకునే ఏర్పాట్లు

నాకు సీలియాక్ జబ్బు ఉంది: గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఒక ధాన్యం) వీటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడదు. క్లయింట్ ఆఫీసులో పనికి, అంటే ఆన్‌సైట్‌కి, మొదటిసారి జర్మనీలోని స్టుట్‌గార్ట్ వెళ్లినప్పుడు వారం రోజులు బయట మెతుకు ముట్టలేదు. గదిలోనే అన్నం వండుకుని, అమ్మ కట్టిచ్చిన పులిహోర పొడి కలుపుకుని తిన్నాను. అయినా నాలుగో రోజుకి కడుపుబ్బరం, విరేచనాలు పట్టుకున్నాయి. క్లయింట్‌కి డెమో ఇస్తూ మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లాల్సి వచ్చింది. ఆ రాత్రి గుంటూరు ఫోన్ చేసి, ఇంట్లో ఇంగువ డబ్బా మీద ఏం రాసుందో చదవమన్నాను. అమ్మ చదివింది: గోధుమ పిండి.

అందుకే నా ఏర్పాట్లు ఇంట్లో పోపుల డబ్బాతోనే మొదలవుతాయి. అసలు ఇంగువ ఘాటు ఎక్కువ కాబట్టి పిండి, జిగురు కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా డబ్బాల్లో గోధుమదే. బియ్యప్పిండితో చేసినవీ ఉన్నాయి, వెనకాల చదివి కొనాలి. కొన్న సాంబారు పొడి, అప్పడాలు, పచ్చళ్లు అన్నిటిదీ ఇదే లెక్క. నేను వెల్లుల్లి వేసిన మా ఇంటి ఆవకాయే పట్టుకెళ్తాను. ఇంగువ పోపు పడే మాగాయ జోలికి పోను. ఇంకోటి పిండిమర. జొన్నల్లో గ్లూటెన్ లేకపోయినా, మనకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని వెళ్లిన మరలో ఆడిస్తే మన పిండిలోకీ వస్తుంది. జొన్నలు కడిగి ఆరబెట్టి ఇంట్లో మిక్సీలోనే పట్టుకుంటాం.

ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లకు ఒక్క మాట. సీలియాక్ ఉన్నవాళ్లు గోధుమ, బార్లీ, రై ఏది తిన్నా వాళ్ల రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. దానికి మందు లేదు, జీవితాంతం మానేయడమే. కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉంటే దాన్ని గ్లూటెన్ ఫ్రీ అని అమ్మకూడదని యూరప్‌లోనూ మన దేశంలోనూ నిబంధన ఉంది. అంటే చపాతీ చేసిన చేత్తో అన్నం వడ్డించినా ఆలోచించాల్సిందే.

ప్రయాణం ఖాయమవగానే ట్రావెల్ డెస్క్‌కి మెయిల్ పెట్టండి: హోటల్ వద్దు, వంటగది ఉన్న సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ కావాలని, కారణం రాసి మరీ. డాక్టర్ లెటర్ జత చేయండి. నేను ఒక లీటరు రైస్ కుక్కర్, ఒక గరిటె, ఒక చిన్న జల్లెడ సూట్‌కేసులో పెట్టుకుంటాను. కరెంటు అక్కడా 230 వోల్టులే, ప్లగ్గు అడాప్టర్ ఉంటే చాలు. మన అల్యూమినియం ప్రెషర్ కుక్కర్ మాత్రం ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు. అపార్ట్‌మెంట్‌లో ఉండే చెక్క గరిటెలు, టోస్టర్, పాస్తా వార్చే చిల్లుల గిన్నె ముట్టుకోకండి.

నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు, పచ్చి కరివేపాకు యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు. అమ్మ ఇచ్చిన సున్నుండలు విమానం దిగేలోపే తినేస్తాను. పచ్చడి సీసాలో నూనె ఉంటుంది కాబట్టి చెక్-ఇన్ బ్యాగులోనే.

విమానంలో భోజనానికి జీఎఫ్ఎంఎల్ (గ్లూటెన్ ఫ్రీ మీల్) అనే కోడ్ అడగాలి. కనీసం రెండు రోజుల ముందు చెప్పండి, కౌంటర్ దగ్గర మళ్లీ కనుక్కోండి. టికెట్ మారితే ఆ కోడ్ కొత్త టికెట్‌లోకి వచ్చిందో లేదో చూసుకోవాలి. శాకాహారులకు ఇంకో చిక్కు: ఈ భోజనంలో మాంసం ఉండొచ్చు. నాకు ఒకసారి గ్లూటెన్ ఫ్రీ ట్రేలోనే మామూలు బన్ను పెట్టి ఇచ్చారు. కవరు మీద పేరు చదివితే గానీ విప్పకండి. చేతి సంచిలో అటుకుల పోపు, పల్లీ చిక్కీ, వేయించిన శనగలు ఎలాగూ ఉంటాయి.

మనవాళ్లు ఎక్కువగా శనివారం రాత్రి బయల్దేరి ఆదివారం దిగుతారు. ఆదివారం జర్మనీలో సూపర్ మార్కెట్లు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలోని కొన్ని కొట్లు తప్ప. మొదటి రోజు బియ్యం, పప్పు సూట్‌కేసులోంచే రావాలి.

సోమవారం నుంచి అక్కడ బతకడం నాకు హైదరాబాద్ కంటే తేలికనిపించింది. రేవె, ఎడెకా, డీఎం కొట్లలో గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్డు, పాస్తా దొరుకుతాయి. ప్యాకెట్ మీద గోధుమ, బార్లీ ఉంటే ఆ పేరును మిగతా అక్షరాల నుంచి తేడాగా కనిపించేలా అచ్చు వేయాలని 2014 చివరి నుంచి యూరప్ చట్టం. మీరు గుర్తుపట్టాల్సిన పదాలు కొన్నే. వైత్సెన్ అంటే గోధుమ, రొగ్గెన్ రై, గెర్స్‌టె బార్లీ, గ్రీస్ రవ్వ, హాఫర్ ఓట్స్. డింకెల్ పేరు వేరైనా గోధుమ జాతే, మోసపోకండి. స్పూరెన్ అంటే ఆనవాళ్లు, గ్లూటెన్ కొంచెం కలిసి ఉండొచ్చని హెచ్చరిక. ఆ హెచ్చరిక వేయడం కంపెనీల ఇష్టం, కాబట్టి అది లేనంతమాత్రాన భయం లేదనుకోవద్దు. నేను కంకి మీద గీత ఉన్న గుర్తు వెతుక్కుంటాను. జర్మనీలో ఆ గుర్తుకు అనుమతిచ్చే సీలియాక్ సంఘం ఆఫీసు స్టుట్‌గార్ట్‌లోనే ఉంది.

ఆఫీసు క్యాంటీన్‌లో వంటకం పక్కన చిన్న అక్షరాలో అంకెలో ఉంటాయి. ఏ అక్షరం గ్లూటెనో ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, కింది పట్టిక చూడాలి. స్టుట్‌గార్ట్ వైపు లిన్సెన్ మిట్ ష్పెట్స్‌లె (పప్పుతో నూడుల్స్ లాంటివి) అని పెడతారు. ష్పెట్స్‌లె గోధుమదని చూడగానే తెలుస్తుంది. పక్కనున్న లిన్సెన్ మాత్రం అచ్చం మన పప్పులా కనిపిస్తుంది, చిక్కదనానికి అందులో పిండి వేయించి కలపడం మామూలే. బంగాళాదుంప వేపుళ్లు ష్నిట్జెల్ (బ్రెడ్డు పొడి పట్టించిన మాంసం ముక్క) వేయించిన నూనెలోనే వేస్తారేమో అడగాలి.

టీమ్ డిన్నర్ ఉంటే ఆ ఉదయమే జర్మన్ సహోద్యోగి చేత రెస్టారెంటుకు ఫోన్ చేయించండి. మొహమాటపడకండి, అక్కడ సూటిగా చెబితే మర్యాదగానే తీసుకుంటారు. నా పర్సులో ఒక కార్డు ఉంటుంది. నాకు సీలియాక్ ఉంది, గోధుమ, రై, బార్లీ, డింకెల్ తినకూడదు అని జర్మన్‌లో రాయించుకున్నాను, పలకడం ఇలా: "ఇష్ హాబె త్సోలియాకీ. ఇష్ డార్ఫ్ కైనెన్ వైత్సెన్, కైనెన్ రొగ్గెన్, కైనె గెర్స్‌టె ఉంట్ కైనెన్ డింకెల్ ఎస్సెన్." వెయిటర్‌కి చూపించి, వంటగదిలోకి పంపమంటాను. కార్డు తిరిగొచ్చి, వండేవాళ్లు ఏం చెప్పారో తెలిశాకే ఆర్డరు ఇస్తాను.