శిలాజ క్షీరదాలను బట్టి ప్రాచీన వాతావరణాన్ని చదివే విధానం

శిలాజమైన దవడ ముక్క ఒకటి చేతికి అందగానే అది ఏ జంతువుదో తెలుసుకోవాలనిపించడం సహజం. అయితే ఆ కాలపు వాతావరణాన్ని తెలుసుకోదలచినవారు అంతకన్నా ముందు, ఆ ఎముక అక్కడికి ఎలా చేరిందో విచారించాలి. ఏరు కొట్టుకొచ్చి ఒకచోట పోసిన ఎముకల్లో వేర్వేరు చోట్లకు, వేర్వేరు కాలాలకు చెందినవి కలిసిపోయి ఉండవచ్చు. గుడ్లగూబ మింగి కక్కిన ఉండల నుంచి పోగుపడినవైతే వాటిలో ఎలుకల వంటి చిన్న ప్రాణులే ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి, పెద్ద జంతువులు లేకపోవడాన్ని ఆ ప్రాంతపు లక్షణంగా తీసుకోరాదు.

ఈ విచారణ ఎలా సాగాలో ఇంగ్లండు భూగర్భ శాస్త్రవేత్త విలియం బక్లాండ్ రెండు వందల ఏళ్ళ క్రితమే చూపించాడు. 1821లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో కిర్క్‌డేల్ గుహ బయటపడినప్పుడు అందులో దుమ్ములగొండి ఎముకలతో పాటు ఏనుగు, ఖడ్గమృగం, నీటిగుర్రాల ఎముకలూ దొరికాయి. జలప్రళయం వాటిని దూరదేశాల నుంచి మోసుకొచ్చిందని అనుకోవడానికి వీలున్న రోజులవి. ఏనుగు దూరలేనంత ఇరుకుగా ఉన్న ఆ గుహలోని ఎముకల మీద కొరికిన గాట్లు ఉండటం గమనించిన బక్లాండ్, బతికున్న దుమ్ములగొండికి ఎద్దు కాలి ఎముక వేయించి, అది నమిలి వదిలేసిన ముక్కలను గుహలోని ముక్కలతో పోల్చి చూశాడు. రెండూ ఒకే తీరున ఉన్నాయి. అంటే ఆ జంతువులు ఆ చుట్టుపక్కల బతికినవే, దుమ్ములగొండ్లు తమ గుహలోకి ఈడ్చుకొచ్చినవే. సుమారు 1,20,000 ఏళ్ళ క్రితం, రెండు హిమయుగాల నడిమి వెచ్చని కాలంలో, యార్క్‌షైర్‌లో నీటిగుర్రాలు తిరిగాయని నేడు ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే ఆ గాట్లను అంత ఓపికగా చూడటమే అందుకు ఆధారం.

చేరిన తీరు తేలాక గడ్డీ ఆకులూ తినే జంతువుల పళ్ళ దగ్గరకు రావాలి. ముందుగా చర్వణకం (నమిలే వెనుక పన్ను) ఎత్తును దాని పొడవుతో పోల్చాలి. గడ్డి నమిలేటప్పుడు, దానితో పాటు నోట్లోకి వచ్చే దుమ్మూ ఇసుకా పడినప్పుడు పన్ను త్వరగా అరుగుతుంది కాబట్టి పొడి నేలల్లో ఎత్తైన పళ్ళున్న జాతులు పెరుగుతాయి. అయితే ఎత్తైన పన్ను పూర్వీకుల నుంచి వారసత్వంగా వచ్చినదీ కావచ్చు. అందువల్ల ఒక జాతిని కాక, ఆ పొరలోని శాకాహారులన్నింటి సగటునూ చూడాలి. ఆ జంతువు నిజంగా ఏం తిన్నదో పంటి అరుగుదల చెబుతుంది: సూక్ష్మదర్శిని కింద సన్నని గీతలు ఎక్కువగా ఉంటే గడ్డి, గుంటలు ఎక్కువగా ఉంటే ఆకులు, గట్టి కాయలు. ఈ గుర్తులు చివరి కొద్ది రోజుల, మహా అయితే కొన్ని వారాల తిండివే అన్నది మరువరాదు.

అంతకన్నా దీర్ఘకాలపు సాక్ష్యం పంటి మీది గట్టి పొర అయిన ఎనామిల్‌లోని కార్బన్ ఐసోటోపులలో, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువులలో, ఉంటుంది. ఎముక మట్టిలోని రసాయనాలను సులువుగా పీల్చుకుంటుంది. దాదాపు పూర్తిగా ఖనిజమే అయిన ఎనామిల్ అంత తేలికగా మారదు. చెట్లు, పొదలు, చల్లని ప్రాంతాల గడ్డి తిన్న పెద్ద జంతువుల ఎనామిల్ విలువలు (ఒక ప్రమాణ నమూనాతో పోల్చి చెప్పే బరువైన కార్బన్ నిష్పత్తి) సుమారు వెయ్యికి మైనస్ 13 వద్ద, వేడి ప్రాంతాల గడ్డి తిన్నవాటివి సున్నాకు అటూ ఇటూగా ఉంటాయి. సివాలిక్ కొండల్లోనూ, ఇతర ఖండాల్లోనూ 80 నుంచి 60 లక్షల ఏళ్ళ క్రితం మధ్య శాకాహారుల పళ్ళలో ఈ విలువలు పైకి జరగడం వల్లనే వేడి ప్రాంతపు గడ్డిభూములు అప్పుడు విస్తరించాయని తెలిసింది. మైనస్ విలువ కనిపించగానే అడవి అని రాసేయడం తరచూ జరిగే పొరపాటు. చల్లని చోటి గడ్డి కూడా అదే విలువ ఇస్తుంది కనుక అరుగుదలతో సరిచూడకుండా ఆ మాట రాయకూడదు.

ఋతువుల కోసం ఆక్సిజన్ ఐసోటోపులను చూడాలి. పన్ను కొన నుంచి మొదలువైపు నెలల తరబడి క్రమంగా ఏర్పడుతుంది కాబట్టి, ఆ వరుసలోనే సన్నని అడ్డగీతలుగా పొడి తీసి కొలిస్తే తాగిన నీటిలోని ఋతుభేదాలు అలల్లా కనిపిస్తాయి. ఇందుకు మొదటి చర్వణకం పనికిరాదు, అది ఏర్పడేనాటికి పిల్ల ఇంకా తల్లిపాల మీదే ఉంటుంది. మూడవదాన్ని ఎంచుకోవడం మంచిది.

శరీర పరిమాణాన్ని మాత్రం జాగ్రత్తగా వాడాలి. 5.6 కోట్ల ఏళ్ళ క్రితం భూమి ఒక్కసారిగా వేడెక్కినప్పుడు, నేటి అమెరికాలోని వ్యోమింగ్‌లో బతికిన సిఫ్రిప్పస్ అనే తొలి గుర్రం సుమారు 5.6 కిలోల నుంచి 3.9 కిలోలకు చిన్నదై, వేడి తగ్గాక మళ్ళీ పెరిగింది. అయినా తిండి కొరత వల్ల కూడా జంతువులు చిన్నవవుతాయి కాబట్టి, ఐసోటోపుల సాక్ష్యం తోడు లేనిదే పరిమాణాన్ని బట్టి ఉష్ణోగ్రతను నిర్ణయించరాదు.

చివరగా, నేటి బంధువుల అలవాట్లను పాత జంతువులకు అంటగట్టే ముందు కెనడాలోని ఎల్స్‌మీర్ దీవిని గుర్తుచేసుకోవాలి. ఉత్తర ధ్రువానికి చేరువలో, 5 కోట్ల ఏళ్ళకు పైబడిన పొరల్లో నేడు వేడి ప్రాంతపు అడవుల్లో బతికే, పంది లాంటి టాపిర్ల బంధువులూ, నీటిగుర్రాన్ని తలపించే కోరిఫొడాన్ అనే జంతువూ దొరికాయి. అవి నెలల తరబడి సాగే చీకటిని తప్పించుకోవడానికి దక్షిణానికి వలస వెళ్ళేవేమో అన్న సందేహం ఉండేది. వాటి పళ్ళలోని ఐసోటోపులను వరుసగా కొలిచినప్పుడు, కోరిఫొడాన్ వేసవిలో ఒక రకం తిండి, చలికాలపు చీకటిలో మరో రకం తిండి తింటూ ఏడాది పొడవునా అక్కడే ఉన్నట్టు కనిపించింది.