నీడ జాగలో ఆకుల పెంపకం – 2వ పాఠం: ఏ నీడకు ఏ ఆకు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం నాలుగుకి పెరట్లో ఎండ ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీతలు గీయమన్నాను. గీయనివాళ్లకు ఒక తేలిక దారి ఉంది. మబ్బు లేని రోజు మధ్యాహ్నం ఆ జాగలో నేలమీద తెల్లకాగితం పరిచి, దానికి అడుగు ఎత్తున అరచేయి పట్టండి. వేళ్లు విడివిడిగా తెలిసేటంత నల్లటి నీడ పడితే అది ఎండ జాగ. అంచులు చెదిరి మసకగా పడితే మనం వెతికే జాగ అదే. చేయి నీడే కనిపించకపోతే అక్కడ తినే ఆకు ఏదీ సరిగా రాదు. ఆ మూల సైకిల్ పెట్టుకోవడానికి పనికొస్తుంది, మొక్కల ఆశ వదిలేయండి.

ఇంటికి ఉత్తరం వైపు ఎప్పుడూ నీడే అని చాలామంది ధీమా. చలికాలంలో అది నిజమే. డిసెంబర్‌లో మధ్యాహ్నం పూట సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, పది అడుగుల గోడ నీడ ఉత్తరం వైపు ఎనిమిది అడుగులు దాటి పరుచుకుంటుంది. కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్న ఊళ్లు. మే మొదటి పది రోజుల్లో ఒకనాడు సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తిమీదికి వస్తాడు. అక్కడినుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం కూడా కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. పొద్దుటి ఎండ ఈశాన్యం నుంచి, సాయంత్రపు ఎండ వాయవ్యం నుంచి తగులుతుంది. అంటే సంక్రాంతికి చల్లగా ఉన్న ఉత్తరపు సందు రోహిణి కార్తె వచ్చేసరికి ఎండ జాగగా మారిపోతుంది. చలికాలపు నీడను నమ్మి నేలలో నాటినవాళ్ల మొక్కలు మేలో మాడేది ఇందుకే. కాబట్టి మొదటి ఏడాదంతా కుండీల్లోనే పెంచండి. నీడ జరిగితే కుండీనీ జరపవచ్చు.

విత్తనాల పాకెట్ మీద 'రోజుకు ఆరు గంటల ఎండ' అని ఉంటే కంగారు పడకండి. అది చల్లటి దేశాల లెక్క. ఎండాకాలంలో 42, 43 డిగ్రీలు చూసే మన దగ్గర పుదీనాకు, కొత్తిమీరకు పొద్దుటి ఎండ మూడు గంటలు తగిలితే చాలు, పదకొండు తర్వాత నీడ ఉండాలి. ఈ లెక్కన తూర్పు వైపు గోడ పక్క అన్నిటికన్నా మేలు. పడమటి గోడ పక్కన వద్దు. సాయంత్రమంతా కాగిన గోడ చీకటి పడ్డాక కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. రేకుల షెడ్డు కిందా అంతే, పేరుకు నీడ, లోపల ఉడుకు.

వేపచెట్టు కింద వెలుతురు చక్కగా జల్లెడ పట్టినట్టు పడుతుంది. చిక్కల్లా వేళ్లతోనే. మీరు పోసే నీళ్లు మొక్కకంటే ముందు చెట్టు తాగేస్తుంది. కుండీని నేలమీద పెట్టినా కొన్నాళ్లకు చెట్టు వేరు అడుగు రంధ్రంలోంచి లోపలికి వచ్చేస్తుంది. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తులో ఉంచండి.

ఇక మొక్కలు. పుదీనాతో మొదలుపెట్టండి. నర్సరీకి పోనక్కర్లేదు, వారపు అంగడిలో కొన్న కట్టే చాలు. కట్ట విప్పి కాడలన్నీ పరిచి చూడండి. లేత ఆకుపచ్చ కాడలు పచ్చడికి పోనివ్వండి. ఊదారంగు తిరిగిన గట్టి కాడలు, కణుపు దగ్గర తెల్లటి చిన్న మొటిమల్లాంటివి ఉన్నవి పక్కకు తీయండి. ఆ మొటిమలే రాబోయే వేర్లు. జానెడు కాడకు పైన నాలుగు ఆకులు ఉంచి మిగతావి గిల్లేయండి. కనీసం రెండు కణుపులు మట్టిలో ఉండేలా ఏటవాలుగా గుచ్చండి. లోతు కుండీ కన్నా వెడల్పు తొట్టి మంచిది, పుదీనా పక్కకు పాకే మొక్క. వారం పదిరోజులు పూర్తి నీడలో ఉంచి తడి ఆరకుండా చూడండి. కొత్త చిగురు కనిపించాక తూర్పు ఎండకు మార్చండి. కాడలు సన్నగా సాగి, ఆకుకూ ఆకుకూ మధ్య దూరం పెరిగితే వెలుతురు చాలడం లేదని అర్థం. ఎరువు వేసి లాభం లేదు, కుండీని రెండడుగులు ముందుకు జరపాలి.

కొత్తిమీర మీద కోపం తెచ్చుకున్నవాళ్లు ఎక్కువ. సగం తప్పు ధనియాలను అట్లాగే చల్లడంలో ఉంది. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. బట్టమీద పోసి గాజు సీసాను మెల్లగా దొర్లిస్తే రెండు పప్పులుగా విడిపోతాయి. పొడి కాకూడదు సుమా. రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్లు వంచేసి, అర అంగుళం లోతున విత్తండి. వారం పదిరోజుల్లో మొలుస్తాయి. కిరాణా షాపు ధనియాలైనా మొలుస్తాయి కానీ పాతవైతే కష్టం, ఓ ఇరవై గింజలు తడిబట్టలో కట్టి ముందు పరీక్షించుకోండి. నారు పీకి వేరేచోట నాటొద్దు, తల్లివేరు దెబ్బతింటే మొక్క త్వరగా పూతకొస్తుంది. వేడి ఎక్కువైనా అదే తంతు. మార్చి నుంచి మిరుగు (మృగశిర కార్తె) దాకా దీన్ని నీడలోనే పెట్టాలి, నీడ దొరక్కపోతే 50 శాతం షేడ్ నెట్ కట్టాలి. చలికాలంలో మాత్రం ఇదే కొత్తిమీరను ఎండలోకి తీసుకురండి, ఆకు గుబురుగా వస్తుంది. పదిహేను రోజులకొక తొట్టి విత్తుకుంటే ఒకటి కోతకు వచ్చేసరికి ఇంకొకటి మొలుస్తుంది.

వామాకుకు పెద్ద పాఠం అక్కర్లేదు. కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది, నీళ్లు ఎక్కువ పోస్తేనే కుళ్లి చస్తుంది. సరస్వతి ఆకు దీనికి పూర్తిగా ఎదురు, ఎప్పుడూ తడి కావాలి. నల్లా కింద చుక్కలు పడేచోట పెట్టండి. సబ్బునీళ్లు పారే జాలారు పక్కన మాత్రం వద్దు, అది కడుపులోకి పోయే ఆకు. తమలపాకు తీగ నీడకే పుట్టింది, కానీ మన వడగాలికి తట్టుకోలేదు. నాలుగు వైపులా గోడలున్న నడిమింటి వాకిలి ఉంటేనే దాని జోలికి పోండి. తులసి, కల్యమాకు, నిమ్మగడ్డి ఎండ మొక్కలు. నీడలో అవి బతికినట్టే ఉంటాయి, ఆకులో వాసన తగ్గుతుంది.

నీళ్ల విషయంలో రెండు మాటలు. నీడలో మట్టి మెల్లగా ఆరుతుంది, ఎండలో కుండీకి పోసినట్టు రోజూ పోయకండి. వేలు రెండు కణుపుల దాకా దించి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. రెండోది, ఆర్వో ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లు వృథా పోతున్నాయని మొక్కలకు పెట్టేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. బోరు నీళ్లలో ఉన్న ఉప్పంతా ఆ వదిలేసిన నీళ్లలోనే చేరుతుంది. పుదీనా ఆకు అంచులు గోధుమరంగుకు తిరగడం, కుండీ అంచున తెల్లటి పొర కట్టడం దాని గుర్తులు. ఆ నీళ్లు బండలు కడగడానికి వాడుకోండి. బోరు నీళ్లే దిక్కైతే నెలకోసారి కుండీ అడుగునుంచి ధారగా కారేదాకా నీళ్లు పోసి ఉప్పును కడిగేయండి. వానాకాలంలో చూరు కింద గోలెం పెట్టుకుంటే ఇంకా మంచిది.

వచ్చే పాఠం కోతల గురించి: ఎక్కడ తుంచితే మళ్లీ చిగురిస్తుంది, పూత వస్తే ఏం చేయాలి. అప్పటికి మీ పుదీనా వేరు పట్టి ఉండాలి. ఈసారి అంగడికి పోయినప్పుడు ఒక కట్ట ఎక్కువ తెచ్చుకోండి.