సుప్రీంకోర్టు తీర్పు చదవడం నేర్చుకుందాం – పాఠం 4: కేసు ఏ మాట మీద నడిచింది?

తీర్పు మొదటి పేజీ చూసి ధర్మాసనంలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ఆ లెక్క ఇవాళ కూడా పనికొస్తుంది. వందల పేజీల తీర్పు ఏ ఒక్క మాట చుట్టూ తిరిగిందో పట్టుకోవడమే ఈ పాఠం.

రాజ్యాంగం 124వ అధికరణం, రెండో క్లాజు తెరవండి. సుప్రీంకోర్టు న్యాయమూర్తులను నియమించేది రాష్ట్రపతి. అందుకు ముందు, అవసరమనుకున్న న్యాయమూర్తులను సంప్రదిస్తారు. నియమించేది ప్రధాన న్యాయమూర్తిని కాకపోతే, ఆయనను తప్పనిసరిగా సంప్రదించాలి. ఇప్పుడు పెన్సిల్ తీసుకుని ‘సంప్రదించి’ కింద గీత గీయండి.

పెళ్లి సంబంధం చూసేటప్పుడు పెద్దాయన చెవిన ఒక మాట వేయడం వేరు, ఆయన సరేనంటేనే తాంబూలాలు పుచ్చుకోవడం వేరు. ఇక్కడ ఏది? రాజ్యాంగ సభలోనే ఈ ప్రశ్న వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి సమ్మతి ఉండాలని కొందరు సవరణ పెడితే, ఒక్క మనిషికి వీటో ఇచ్చినట్టవుతుందని అంబేద్కర్ ఒప్పుకోలేదు. 1981లో ఎస్.పి. గుప్తా కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా సంప్రదింపు అంటే సమ్మతి కాదనే చెప్పింది.

1993లో అదే మాటకు అర్థం తిరగబడింది. ప్రధాన న్యాయమూర్తి, మరో ఇద్దరు సీనియర్లతో కలిసి చెప్పిన అభిప్రాయానిదే పైచేయి అని కోర్టు తేల్చింది. ఆ ధర్మాసనంలో ఎంతమంది? తొమ్మిదిమంది. ఎందుకంత మంది అంటే, ఏడుగురు చెప్పినదాన్ని కాదనాలంటే అంతకంటే పెద్ద ధర్మాసనం కూర్చోవాలి. తీర్పులో ఈ అంకె కనబడిన ప్రతిసారీ ఆగి, వెనకాల ఏ పాత తీర్పు ఉందో వెతకండి.

1998లో ఇద్దరు సీనియర్లు నలుగురయ్యారు. ఇవాళ మనం వినే కొలీజియం ఇదే. ఆ మాట కోసం రాజ్యాంగమంతా గాలించినా దొరకదు. అయినా 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యం కాబట్టి అది నిలబడింది.

1993 తీర్పు మాటను సాగదీసిందనే నాకనిపిస్తుంది. కానీ 1973లో ప్రభుత్వం ముగ్గురు సీనియర్లను పక్కనబెట్టి నాలుగో ఆయనను ప్రధాన న్యాయమూర్తిని చేసింది. ఆ సంగతి తెలియకుండా చదివితే న్యాయమూర్తుల భయం మనకు అర్థం కాదు.

2015లో, కొలీజియం బదులు పార్లమెంటు తెచ్చిన న్యాయమూర్తుల నియామకాల కమిషన్‌ను 4–1తో కొట్టేసినప్పుడు విభేదించిన ఆ ఒక్కరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. ఓడిన అభిప్రాయాన్ని కూడా చదవడం అలవాటు చేసుకోండి. అవతలి వాదనలో ఎక్కడ పగులు ఉందో అక్కడే కనిపిస్తుంది.

అభ్యాసం: 143వ అధికరణం మొదటి క్లాజు చదవండి. రాష్ట్రపతి సలహా అడిగితే కోర్టు జవాబు చెప్పి తీరాలా? ఏ మాటను బట్టి అలా అనుకున్నారో రెండు వాక్యాల్లో రాయండి. రాశాకే 1994 నాటి ఇస్మాయిల్ ఫారూఖీ తీర్పు తెరిచి, అయోధ్యపై రాష్ట్రపతి పంపిన ప్రశ్నను ధర్మాసనం ఏం చేసిందో చూసుకోండి.