కొలకర్రతో బయల్దేరే ముందు: నది ఒడ్డు పల్లెల్లో ఐవర్‌మెక్టిన్ ఎలా పంచాలి

ఒంట్లో చేరిన పురుగు వల్ల చూపు పోయే జబ్బు ఒకటుంది, రివర్ బ్లైండ్‌నెస్ అంటారు. దానికి వేసే మాత్రే ఐవర్‌మెక్టిన్. ఉత్తర ఘనాలో వోల్టా నది పక్క పల్లెల్లో నర్సుగా రెండేళ్లు ఈ మాత్రలు పంచాను. కొత్తగా వెళ్లేవాళ్లు ముందుగా డోసు గురించే అడుగుతారు. అది పది నిమిషాల్లో వచ్చేస్తుంది. అసలు కష్టం మనుషులకు నమ్మకం కలిగించడంలో ఉంది.

వేగంగా పారే నీళ్లలో పెరిగే నల్ల ఈగలు కుట్టి ఈ పురుగును ఒంట్లోకి ఎక్కిస్తాయి. పెద్ద పురుగులు చర్మం కింద కణుతుల్లో 10-15 ఏళ్లు బతుకుతాయి. వాటి పిల్లలు కంటికి కనపడనంత సన్నవి. చర్మంలో తిరుగుతూ విపరీతమైన దురద పుట్టిస్తాయి. కంట్లో చేరినవి చనిపోయినప్పుడు వాపు వస్తుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే చూపు పోతుంది. ఐవర్‌మెక్టిన్ ఈ పిల్లల్ని చంపుతుంది, పెద్ద పురుగుల్ని మాత్రం చంపదు, కొన్నాళ్లు వాటి సంతానాన్ని ఆపుతుంది, అంతే. అందుకే ఏడాదికి కనీసం ఒకసారి, 10-15 ఏళ్ల పాటు, ఊళ్లో నూటికి 80 మందికి తగ్గకుండా వేయాలి.

డోసుకి కాటా అక్కర్లేదు, గుర్తులు పెట్టిన కర్ర చాలు. 3 మిల్లీగ్రాముల మాత్రలు: 90 నుంచి 119 సెంటీమీటర్ల ఎత్తుకి ఒకటి, 140 వరకు రెండు, 158 వరకు మూడు, ఆపైన నాలుగు. చెప్పులు తీయించి, మడమలు కర్రకి ఆనించి నిలబెట్టండి. 90 కన్నా పొట్టి పిల్లలకి, గర్భిణులకి, ప్రసవమై వారం తిరగని తల్లులకి, బాగా జబ్బుగా ఉన్నవాళ్లకి వేయకూడదు. గర్భం సంగతి అందరి ముందూ అడగకండి. ఆడ వాలంటీరు చేత పక్కకి పిలిపించి అడిగించండి.

మాత్ర చేతిలో పెట్టి వెళ్లిపోవద్దు, మింగేదాకా అక్కడే ఉండండి. "ఇంటికెళ్లి వేసుకుంటాను" అన్నవాళ్లలో చాలామంది వేసుకోరు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. మాత్ర వేసుకున్న రెండు మూడు రోజుల్లో దురద, ముఖం వాపు, జ్వరం, కీళ్ల నొప్పులు రావచ్చు. ఒంట్లో పురుగు పిల్లలు ఎన్ని ఎక్కువ ఉంటే బాధ అంత ఎక్కువ. మొదటి ఏడాది నేనిది ముందుగా చెప్పలేదు. భయపడి మానేస్తారేమోనని. మర్నాడు ఒకావిడ మొహం కళ్లు మూసుకుపోయేంతగా వాచింది. తర్వాతి ఏడాది ఆ వాడలో సగం ఇళ్లు తలుపు తీయలేదు. ఆ తప్పు నాదే. దాంతో ఊరి పెద్దని కూర్చోబెట్టి ఆయన నోటితోనే చెప్పించాను: "దురద వస్తుంది, అంటే పురుగు చస్తోందన్నమాట, ఇబ్బందిగా ఉంటే ఫలానా వాలంటీరు దగ్గరికి రండి." అప్పుడు వచ్చారు. స్పృహ తప్పడం, ఊపిరి ఆడకపోవడం లాంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి.

మీరు కామెరూన్, కాంగో లాంటి మధ్య ఆఫ్రికా అడవి ప్రాంతాలకి వెళ్తుంటే, అక్కడ లోవా లోవా అనే వేరే పురుగు ఉందేమో ముందే కనుక్కోండి. అది రక్తంలో ఎక్కువగా ఉన్నవాళ్లకి ఇదే మాత్ర మెదడుకి ప్రమాదం తేగలదు. అక్కడి ఆరోగ్యశాఖ చెప్పిన పద్ధతి దాటి ఒక్క మాత్ర కూడా ఇవ్వవద్దు.

ఒక తాత మనవడు పట్టుకున్న కర్ర రెండో కొస పట్టుకుని వచ్చి, "నా చూపు తిరిగొస్తుందా?" అని అడిగాడు. పోయిన చూపు ఈ మాత్రతో రాదు. ఆ మాట మెత్తగానే అయినా తప్పకుండా చెప్పాలి. దురద తగ్గుతుందని చెప్పి ఆయనకీ డోసు వేశాను. మనవడికి రెండు మాత్రలు పడ్డాయి.

సాయంత్రం రిజిస్టర్ మూసే ముందు ఇవాళ రానివాళ్ల పేర్లు విడిగా రాసుకోండి: పొలానికి వెళ్లినవాళ్లు, సంతకి వెళ్లినవాళ్లు, గర్భిణులు. మొదటి రెండు రకాల వాళ్ల ఇళ్లకి మర్నాడు తెల్లవారుజామునే, పనికి బయల్దేరక ముందే వెళ్లండి. గర్భిణుల పేర్ల పక్కన ప్రసవం ఎప్పుడో రాసి ఆ కాగితం వాలంటీరుకి ఇచ్చి రండి.