ఎమ్‌జీబీ కదలనప్పుడు: కొనేముందు కొలవండి

సెల్ఫ్ తిరగకపోతే చాలు, మా అల్లుడు కొత్త సెల్ఫ్ మోటారుకు ఆర్డరు పెట్టేస్తాడు. కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌లో మోటార్ల మరమ్మతుతోనే ఉద్యోగం వెళ్లదీసినవాణ్ణి నేను. కొలవకుండా సామాను మారిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంగ్లండులో అతని 1969 నాటి ఎమ్‌జీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు తెరిచే పాత స్పోర్ట్స్ కారు, ఇప్పుడు నా చేతికి వచ్చింది.

ఈ బండి ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైంది. మీది ఏ కాలానిదో ముందు తేల్చుకోండి. 1967 వరకు వచ్చినవాటిలో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు, ఆ తర్వాత నెగటివ్‌ను. మధ్యలో ఎవరైనా మార్చి ఉండవచ్చు, కాబట్టి కేబుల్ ఎటు పోతోందో కళ్లారా చూడండి. నేను చెప్పేది నెగటివ్ ఎర్త్ బండి, అంటే నెగటివ్‌ను బాడీకి కలిపిన బండి సంగతి.

గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వేయండి. ఉంగరం, గడియారం తీసేయండి. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు బాగా మసకబారినా, ఆరిపోయినా బ్యాటరీలో బలం లేదు, లేదా ఎక్కడో కనెక్షన్ వదులైంది. లైట్లు చెక్కుచెదరకపోతే సెల్ఫ్‌కు కరెంటే అందడం లేదు.

ఈ కాలపు ఎమ్‌జీబీలో సీట్ల వెనక మూత కింద రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. చాలామంది రెండింటినీ కలిపి కొలిచి, పన్నెండు కనిపించగానే సంతోషిస్తారు. విడివిడిగా చూడండి. నిండుగా ఉన్నది 6.3 వోల్టులు చూపాలి. తర్వాత స్పార్కుకు కరెంటు పుట్టించే కాయిల్ మీది తెల్ల వైర్లు ఊడదీసి, కొసలకు టేపు చుట్టి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. ఇంజను అంటుకోకుండా తిరుగుతుంది. అప్పుడు ఒక బ్యాటరీ ఐదు దగ్గర నిలబడి, రెండోది నాలుగు కిందికి జారితే దొంగ అదే. రెండింటినీ కలిపే పొట్టి కేబుల్‌నూ వదలకండి. కొసల్లో చిలుము పట్టేది అక్కడే.

తాళం తిప్పకుండా కొలిచిన వోల్టేజీని నమ్మవద్దు. కేబుల్‌లో ఒక్క రాగి పోగు మిగిలినా మీటరు పన్నెండు చూపుతుంది, ఎందుకంటే దానికి కావలసిన కరెంటు రవ్వంతే. సెల్ఫ్‌కు వంద ఆంపియర్ల పైమాటే కావాలి. కాబట్టి తాళం తిప్పి ఉంచినప్పుడే కొలవాలి. మీటరు నల్ల కొసను బాడీకి కలిసిన బ్యాటరీ నెగటివ్ సీసపు దిమ్మకు, క్లాంపుకు కాదు, ఆనించి, ఎర్ర కొసను ఇంజను మీద పెట్టండి. 0.3 వోల్టుల లోపు చూపాలి. అరవోల్టు దాటితే ఎర్త్ దారిలోనే తప్పుంది. ఎర్ర కొసను క్లాంపు మీదికి, అక్కడి నుంచి బాడీ మీదికి, తర్వాత ఇంజను మీదికి జరుపుతూ పోండి. అంకె ఎక్కడ ఎగిరితే అక్కడ విప్పి, లోహం మెరిసేదాకా రుద్దండి.

ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, దానికి ఎర్త్ అందేది ఒక అల్లిక పట్టీ ద్వారానే. అది తెగితే కరెంటు చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ వెంట పోతుంది. సెల్ఫ్ వేశాక చోక్ కేబుల్ వేడెక్కితే ఇంకేమీ వెతకనక్కరలేదు. అల్లుడి బండిలో పట్టీ తుప్పుపట్టి సగం తెగి ఉంది. ఆర్డరు పెట్టిన కొత్త మోటారు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

ఇదే కొలత పాజిటివ్ వైపూ చేయండి: రెండో బ్యాటరీ పాజిటివ్ దిమ్మ నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టుకు. వెనక నుంచి ముందుకు పొడవాటి కేబుల్ కాబట్టి అరవోల్టు దాకా ఒప్పుకోవచ్చు.

అసలు చప్పుడే లేకపోతే సాలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చి) చిన్న టెర్మినల్‌కు వచ్చే తెలుపు-ఎరుపు వైరు చూడండి. తాళం తిప్పినప్పుడు అక్కడ బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా రావాలి. వచ్చినా టక్‌మనకపోతే, ఎర్త్ బాగుంటే, సాలినాయిడ్ పోయినట్టే. రాకపోతే స్విచ్చి దాకా వెనక్కి వెళ్లండి, మధ్యలో రిలే ఉన్న బళ్లలో దాన్నీ చూడండి.

సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజను అంటుకోకపోతే దారి వేరు. తెల్ల వైర్లు మళ్లీ తగిలించి, తాళం ఒక మెట్టు తిప్పి, వెనక పెట్రోలు పంపు టకటకలాడుతుందేమో వినండి. అది కూడా తెల్ల వైరు మీదే నడుస్తుంది. ఆడితే కరెంటు స్విచ్చి దాటినట్టు. ఇక మీటరును కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య పెట్టి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పండి. డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటును కలిపి విడగొట్టే పాయింట్లు మూసుకున్నప్పుడు సున్నా దగ్గర, తెరుచుకున్నప్పుడు పన్నెండు దగ్గర చూపాలి. ఎప్పుడూ పన్నెండే అయితే పాయింట్లు మసిబారాయి, లేదా మూసుకోవడం లేదు. ఎప్పుడూ సున్నా అయితే ముందు కాయిల్‌కు కరెంటు వస్తోందో చూడండి. వస్తుంటే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా లోపలి చిన్న వైరు ఒరుసుకుని డిస్ట్రిబ్యూటర్ ఒంటికి తగులుతోంది, లేదా కండెన్సర్ షార్టయింది. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు మధ్య ఖాళీ 0.38 మిల్లీమీటర్లు ఉంచండి. పాయింట్ల మధ్య శుభ్రమైన కాగితం ఒకసారి లాగండి. సగం బళ్లకు అంతే చాలు.